విట్టెన్‌బర్గ్ తలుపుకి మేకులు కొట్టలేదట! మరి మనం చదువుకున్నదేంటి?

లీప్‌జిగ్_శీను
ఆదివారం ఖాళీగా ఉంది కదా అని ట్రైనెక్కి విట్టెన్‌బర్గ్ వెళ్లొచ్చాను. నేనుండే లీప్‌జిగ్ నుంచి గంట ప్రయాణం. తొమ్మిదో తరగతి సోషల్లో మార్టిన్ లూథర్ పాఠం గుర్తుందా? నల్ల గౌను వేసుకుని, చేత్తో సుత్తి పట్టుకుని చర్చి తలుపుకి కాగితం కొడుతున్న బొమ్మ. 1517 అక్టోబరు 31న, పాపానికి పడే శిక్ష తగ్గుతుందని చెప్పి డబ్బుకి అమ్మే పాపపరిహార పత్రాల్ని ప్రశ్నిస్తూ 95 సిద్ధాంతాలు తలుపుకి కొట్టాడని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ తలుపు ముందు సెల్ఫీ దిగాలని చిన్నప్పటి కోరిక.

తీరా వెళ్తే అక్కడున్నది కంచు తలుపు. సుత్తి కాదు కదా, డ్రిల్లింగ్ మిషన్ పెట్టినా మేకు దిగదు. పాత చెక్క తలుపు 1760లో యుద్ధంలో తగలబడిందట, ఇది 1858లో పెట్టిందట. సరే పోనీ అనుకుంటే, గైడమ్మ నవ్వుతూ "అసలాయన కొట్టాడో లేదో కూడా గట్టిగా చెప్పలేం" అంది. నాకు తిక్క రేగింది. అంటే ఇన్నాళ్లూ లేని మేకు గురించి బట్టీ పట్టామా? మేకే లేకపోతే, ఒక ఊళ్లో ఒక సన్యాసి రాసిన ఒక కాగితానికి యూరప్ మొత్తం ఎలా తలకిందులైంది? తెలిసినవాళ్లు చెప్పండి. వికీ లింకులు వద్దు, చదివేశాను.

బజ్జీ_బ్యాచ్
ఆ మార్కులు వెనక్కి ఇచ్చెయ్ ముందు. తర్వాత మాట్లాడదాం.

పాతకాగితం
శీనుగారూ, గైడమ్మ చెప్పింది నిజమే కానీ మీ సోషల్ పుస్తకం పూర్తిగా అబద్ధమూ కాదు. ఆ తేదీ వేసిన ఉత్తరం ఉంది. లూథర్ 1517 అక్టోబరు 31న మైన్జ్ ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్‌కి ఉత్తరం రాసి, దానితోపాటు ఈ 95 వాక్యాలూ పంపాడు. ఇందులో ఎవరికీ అనుమానం లేదు. మేకుల సంగతి మాత్రం లూథర్ 1546లో పోయాక ఆయన స్నేహితుడు మెలాంక్‌థన్ రాసిన ముందుమాటతో ఊరంతా తెలిసింది. ఆ మెలాంక్‌థన్ విట్టెన్‌బర్గ్ వచ్చిందే 1518లో! అంటే కళ్లారా చూసినవాడు కాదు. లూథర్ దగ్గర రాతకోతలు చూసిన రోరర్ అనే ఆయన చేతిరాతలో చర్చిల తలుపుల ప్రస్తావన ఒకటి ఈ మధ్య 2006లో బయటపడింది. ఆయనా అప్పుడు ఆ ఊళ్లో లేడు. దాంతో గొడవ మళ్లీ మొదటికొచ్చింది.

ఒకవేళ కొట్టాడే అనుకుందాం. ఆ తలుపు యూనివర్సిటీ నోటీసు బోర్డు. "ఫలానా విషయం మీద చర్చ పెడుతున్నాం, రాగలిగినవాళ్లు రండి, రాలేనివాళ్లు రాసి పంపండి" అని లాటిన్‌లో అంటించే కాగితం అది. మన డిపార్ట్‌మెంట్ బోర్డు మీద సెమినార్ నోటీసు పెడితే ఎంత విప్లవమో అదీ అంతే. బొమ్మలో కనిపించే ఆ ఆవేశం, ఆ సుత్తి, చుట్టూ నోరెళ్లబెట్టిన జనం, ఇవన్నీ తర్వాతి శతాబ్దాల చిత్రకారుల పుణ్యం.

బజ్జీ_బ్యాచ్
మా డిపార్ట్‌మెంట్ బోర్డు మీద సెమినార్ నోటీసు పెడితే దాని మీదే పీజీ హాస్టల్ టులెట్ అంటించేవారు.

ఓరుగల్లు_వాణి
తలుపు సంగతి వదిలేసి డబ్బు సంగతి చూడండి. అసలు కథ అక్కడుంది. ఈ ఆల్బ్రెక్ట్ గారికి అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. మాగ్డెబర్గ్ ఆర్చిబిషప్ పీఠం చేతిలో ఉండగానే మైన్జ్ పీఠం కూడా కావాలన్నాడు. ఒకే మనిషికి రెండు పీఠాలు ఉండకూడదని రూలు. రూలు సడలించాలంటే రోముకి డబ్బు కట్టాలి. డబ్బు లేదు. ఆగ్స్‌బర్గ్‌లో ఫుగ్గర్లనే పెద్ద బ్యాంకు కుటుంబం దగ్గర అప్పు తెచ్చాడు. అది తీర్చడానికి దారి? తన ఇలాకాలో పాపపరిహార పత్రాలు అమ్ముకోవడానికి పోపు అనుమతి. వచ్చిన దాంట్లో సగం రోములో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి, సగం ఫుగ్గర్ల బాకీకి. టెట్జెల్ అనే సన్యాసి ఊరూరా తిరిగి అమ్మేవాడు, ఆయన వెంట వసూళ్ల పెట్టె చూసుకోవడానికి ఫుగ్గర్ల గుమాస్తా. జనానికి మాత్రం చర్చి కడుతున్నాం అనే చెప్పారు, బాకీ సంగతి ఎత్తలేదు. ఈ సగం ముచ్చట లూథర్‌కి కూడా అప్పుడు తెలియదు!

95లో 86వది చదవండి. పోపు అంత ధనవంతుడు కదా, పేదల డబ్బు ఎందుకు, తన డబ్బుతో ఆ చర్చి కట్టుకోవచ్చు కదా అని జనం అడుగుతున్నారు, ఏం జవాబు చెప్పమంటారు అని. భలే తెలివైన వాక్యం. తను అడగడు, జనం అడుగుతున్నారంటాడు.

ఫాతిమాపురం_బాబు
కథోలికుణ్ణి కాబట్టి ఒక మాట. "డబ్బిస్తే పాపం పోతుంది" అని మా సభ ఎప్పుడూ బోధించలేదు. పాపసంకీర్తనం చేసి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకుని, క్షమాపణ పొందాక కూడా మిగిలే శిక్ష ఒకటుంటుంది, అది ఇక్కడో, చనిపోయాక ఆత్మ శుద్ధి అయ్యే ఉత్తరించు స్థలంలోనో తీరాలి, దానికి తగ్గింపు ఈ పరిహారం. టెట్జెల్ లాంటివాళ్లు దీన్ని సంతలో సరుకు చేసేశారు, అది తప్పే. కానీ మా వాళ్లు కళ్లు మూసుకుని కూర్చోలేదు. 1545 నుంచి 1563 దాకా ట్రెంట్‌లో విడతలు విడతలుగా మహాసభ జరిపారు. 1567లో ఐదవ పియుస్ పోపుగారు డబ్బుతో ముడిపడ్డ పరిహారాలన్నిటినీ రద్దు చేశారు. దీన్ని ఏ సోషల్ పుస్తకం రాయదు.

ఓరుగల్లు_వాణి
బాబుగారూ, ఒప్పుకుంటున్నా. కానీ లూథర్ కాగితం పంపిన 50 ఏళ్లకి రద్దు చేశారు కదా.

ఫాతిమాపురం_బాబు
మన దగ్గర భూమి పాసుపుస్తకంలో పేరు మార్చడానికి ఎన్నేళ్లు పడుతోందమ్మా?

బజ్జీ_బ్యాచ్
😂😂 పాయింటే

ఓరుగల్లు_వాణి
ఇంకో తమాషా. టెట్జెల్‌ని తన రాజ్యంలోకి రానివ్వనిది లూథర్ కాదు, అక్కడి పాలకుడు ఫ్రెడరిక్. పేద జనం మీద ప్రేమతో కాదు. ఆయన దగ్గర అదే విట్టెన్‌బర్గ్ చర్చిలో పవిత్ర అవశేషాలు 1520 నాటికి 19 వేలకు పైగా పోగుపడ్డాయి. ఎముకలు, ముళ్లు, గుడ్డ పీలికలు. నవంబరు 1న సకల పునీతుల పండక్కి వాటిని దర్శించి కానుక వేస్తే లక్షల ఏళ్ల శిక్ష తగ్గుతుందట. అక్టోబరు 31 అంటే ఆ పండగ ముందురోజు. జనం వచ్చే రోజు.

గూగ్లీ_గుడివాడ
అంటే మా ఊళ్లో ఇద్దరు కేబుల్ ఆపరేటర్ల కథే. ఒకడి వైర్లు ఇంకొకడి వీధిలోకి రానివ్వడు.

ప్రెస్సు_మూర్తి
అందరూ తలుపు చూస్తున్నారు, తలుపు వెనకాల ఉన్న ప్రెస్సుని చూడటం లేదు. నేను బెజవాడలో 31 ఏళ్లు కంపోజిటర్‌గా పనిచేసినవాణ్ణి. నిలబడి సీసం అక్షరాలు ఏరుకుని స్టిక్‌లో పేర్చిన వేళ్లు ఇవి. నాకు అర్థమైన సంగతి నేను చెప్తా.

బైబిలు లాంటి పెద్ద పుస్తకం అచ్చేయాలంటే ముందు కాగితానికి పెట్టుబడి, తర్వాత నెలల తరబడి కూలి, అయ్యాక అమ్ముడుపోతుందో లేదో. ఎంతమంది ప్రెస్సు ఓనర్లు అలా మునిగారో నా కళ్లారా చూశాను. అదే 8 పేజీల చిన్న పుస్తకం అనుకోండి. ఒకే ఒక షీటు. ఒకవైపు నాలుగు పేజీలు, రెండోవైపు నాలుగు, రెండు మడతలు, అంతే. సోమవారం మేటర్ వస్తే ఆ వారంలోనే సంతలో ఉంటుంది, డబ్బు గల్లాపెట్టెలో ఉంటుంది. లూథర్ 95 వాక్యాలు లాటిన్‌లో ఉన్నాయి, వాటిని న్యూరెంబర్గ్, లీప్‌జిగ్, బాసెల్ ప్రెస్సులు ఎవర్నీ అడక్కుండా ఆ ఏడాదే అచ్చేశాయి. కానీ జనంలోకి పోయింది అది కాదు. 1518లో ఆయన అదే విషయాన్ని జర్మన్‌లో 20 చిన్న పేరాలుగా రాశాడు. ఒక షీటు పుస్తకం. రెండేళ్లలో వేర్వేరు ఊళ్లలో ఇరవైకి పైగా ముద్రణలు. కాపీరైటా ఏమన్నానా? ఒకడు వేస్తే పక్క ఊరివాడు చూసి వేసేవాడు. ప్రెస్సువాడికి భక్తి ఉండక్కర్లేదు, అమ్ముడుపోతే చాలు.

ఇంకోటి. మొదట్లో విట్టెన్‌బర్గ్‌లో ఉన్నది ఒకే ప్రెస్సు, నాసిరకం పని. లూథర్ విసుక్కునేవాడు. పట్టుబట్టి లీప్‌జిగ్ నుంచి లోటర్ కుటుంబం ప్రెస్సుని రప్పించుకున్నారు. క్రనాక్ అనే చిత్రకారుడు ముఖపత్రానికి అంచులు గీశాడు. మధ్యలో ఊరి పేరు, లూథర్ పేరు కొట్టొచ్చినట్టు. రచయిత పేరు అట్ట మీద పెద్దక్షరాలతో వేస్తే సరుకు పోతుందని మా ఓనరుకి 1980లో తెలిసింది, వాళ్లకి 1520లోనే తెలిసింది.

చివరగా, ఇది విని నవ్వుకోండి. గూటెన్‌బర్గ్ తొలి రోజుల్లో అచ్చయి, తేదీతో సహా దొరుకుతున్న కాగితాలేంటో తెలుసా? 1454 నాటి పాపపరిహార పత్రాలు! పేరు, తేదీ రాసుకోవడానికి ఖాళీలు వదిలిన ఫారాలు. మన రసీదు బుక్కుల్లాగా.

లీప్‌జిగ్_శీను
మూర్తి బాబాయ్, దండాలు. నేను అడిగింది ఇదే. అమ్మేవాడికీ తిట్టేవాడికీ ఒకే ప్రెస్సు!

సందేహాల_సుబ్బు
అందరూ చప్పట్లు కొడుతున్నారు కాబట్టి నేను అడ్డం పడతా. ఆ రోజుల్లో జర్మనీలో చదవగలిగినవాళ్లు ఎంతమంది? నూటికి పదిమంది ఉంటే గొప్ప, పల్లెల్లో అదీ లేదు. మిగతా తొంభై మందికి 8 పేజీలైనా 800 పేజీలైనా ఒకటే. ప్రెస్సు వల్లే అంతా జరిగిందంటే నేను నమ్మను. మూర్తిగారు తన వృత్తి మీద ప్రేమతో చెప్తున్నారు.

ప్రెస్సు_మూర్తి
ప్రేమ ఉంది, కాదనను. ఆ సీసం వల్లే నా ఊపిరితిత్తులు పోయాయి, అయినా ఉంది.

నల్లపాడు_నీలిమ
సుబ్బుగారికి జవాబు మా అమ్మమ్మ. మాది గుంటూరు, మూడు తరాల లూథరన్లం. అమ్మమ్మకి సంతకం కూడా రాదు, వేలిముద్రే. కానీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఏది అడిగినా మొదటి చరణం నుంచి చివరి దాకా పాడుతుంది. అక్టోబరు ఆఖరి ఆదివారం సంస్కరణ దినం ఆరాధనలో మేం తప్పకుండా పాడే పాట "మా కర్త గట్టి దుర్గము". అది లూథర్ జర్మన్‌లో రాసిన కీర్తనకి తెలుగు. రాగం కూడా అదే. మా అమ్మమ్మకి విట్టెన్‌బర్గ్ ఎక్కడుందో తెలియదు, లాటిన్ అంటే తినేదో తాగేదో తెలియదు. పాట మాత్రం వచ్చు.

లూథర్ చేసిన తెలివైన పని అదే. 1524లోనే 8 పాటల చిన్న పుస్తకం వచ్చింది. పూజలో పాట పాడేది గాయకబృందం, గురువులే కదా అప్పటిదాకా. జనం తమ భాషలో తామే నోరు తెరిచి పాడటం మొదలుపెట్టాక ఎవడాపుతాడు? ఒకడు చదివితే పదిమంది వింటారు, ఒకడు పాడితే వందమంది పాడతారు. మా గుంటూరుకి 1842లో అమెరికా నుంచి హయ్యర్ అయ్యగారు వచ్చినప్పుడు కూడా వరస అదే. బడి, పాట, ఆ తర్వాతే పుస్తకం.

సందేహాల_సుబ్బు
ఇది బాగుంది. మీ అమ్మమ్మగారి ముందు నా సందేహం ఓడిపోయింది. అయినా ఇంకో సందేహం ఉంది, తర్వాత వస్తా.

బజ్జీ_బ్యాచ్
పాట, బొమ్మ, 8 పేజీలు. అంటే వాట్సాప్ స్టేటస్, మీమ్, ఫార్వర్డ్. మా పెద్దనాన్న అప్పుడు పుట్టి ఉంటే రోజుకి 95 పంపేవాడు.

పాతకాగితం
బజ్జీ, నువ్వు జోకేశావు కానీ మీమ్ విషయంలో నిజమే. లూథర్ కొత్త నిబంధనని జర్మన్ చేసింది 1521, 22 చలికాలంలో, వార్ట్‌బర్గ్ కోటలో మారుపేరుతో దాక్కుని, పదకొండు వారాల్లో. 1522 సెప్టెంబరులో అచ్చయింది. అందులో చివరి పుస్తకం ప్రకటన గ్రంథానికి క్రనాక్ బొమ్మలు వేశాడు. అందులో మృగం మీద కూర్చున్న బబులోను వేశ్య తల మీద పోపు పెట్టుకునే మూడంచెల కిరీటం పెట్టాడు! గొడవైంది. డిసెంబరులో రెండో ముద్రణ వచ్చేసరికి చెక్కబ్లాకులో పై అంచెలు చెక్కేసి మామూలు కిరీటం చేశారు. చదువు రానివాడికి కూడా ఆ బొమ్మ చూస్తే ఎవర్ని అంటున్నారో అర్థమైపోతుంది.

కౌలురైతు_కొడుకు
అందరూ లూథర్‌ని హీరోని చేసేస్తున్నారు, 1525 రైతుల తిరుగుబాటు మాట ఎవరూ ఎత్తడం లేదేం?

ఆ కీర్తనలు పాడిన జనమే, ఆ పుస్తకాలు విన్న జనమే అడిగారు. మెమ్మింగెన్‌లో రైతులు 12 డిమాండ్లు రాశారు. అవీ అచ్చయ్యాయి, అవీ ఊరూరా తిరిగాయి మూర్తిగారూ. ఏమడిగారు? మా పాస్టర్ని మేమే ఎన్నుకుంటాం. అడవిలో కట్టెలు కొట్టుకోనివ్వండి, వాగులో చేపలు పట్టుకోనివ్వండి. మూడోది వినండి: క్రీస్తు తన రక్తంతో అందర్నీ కొన్నాడు, గొర్రెల కాపరినీ రాజునీ కూడా, మరి మేం మీకు బానిసలం ఎలా అవుతాం? అంతకన్నా మామూలు ప్రశ్న ఇంకేముంటుంది?

లూథర్ ముందు ప్రభువుల్నీ మందలించాడు, రైతుల్నీ మందలించాడు. గొడవ ముదిరాక, పిచ్చికుక్కని కొట్టినట్టు కొట్టండి అని రైతుల మీద పుస్తకం రాశాడు. మే 15న ఫ్రాంకెన్‌హౌజెన్ దగ్గర ఫిరంగుల ముందు కొడవళ్లతో నిలబడ్డ వాళ్లని వేల సంఖ్యలో నరికేశారు. వాళ్లతో ఉన్న బోధకుడు మ్యూంట్జర్‌ని పట్టుకుని చిత్రహింసలు పెట్టి ఆ నెలలోనే తల తీశారు. మొత్తం ఆ యుద్ధంలో పోయిన రైతులు డెబ్బై వేల నుంచి లక్ష అంటారు.

మా తాత దొర గడీలో వెట్టి చేశాడు. దేవుడి ముందు అందరం ఒకటే అని గుళ్లో చెప్పినవాళ్లే పొలం గట్టు దగ్గరికొచ్చేసరికి నువ్వు వేరు నేను వేరు అనేవాళ్లట. తాత చెప్పేవాడు. అందుకే నాకు ఆ సుత్తి బొమ్మ చూస్తే ఏమీ అనిపించదు.

నల్లపాడు_నీలిమ
కౌలురైతు అన్నా, వాదించను. అదొక్కటే కాదు, 1543లో యూదుల మీద ఆయన రాసిన పుస్తకం చదివితే కడుపులో తిప్పుతుంది. వాళ్ల ప్రార్థనాలయాలు తగలబెట్టండి, ఇళ్లు కూల్చండి అని రాశాడు. మా సండేస్కూల్లో ఇవేవీ చెప్పలేదు, పెళ్లయ్యాక నాకు నేనుగా చదివి తెలుసుకున్నాను. ఆ రోజు రాత్రి అన్నం సయించలేదు. అయినా పాట పాడతాను. ఎందుకంటే చెప్పలేను.

లీప్‌జిగ్_శీను
విట్టెన్‌బర్గ్ ఊరి చర్చి గోడ మీద యూదుల్ని పందితో కలిపి అవమానించే శిల్పం ఇప్పటికీ ఉంది. లూథర్ కంటే పాతది. తీసేయాలని ఒకాయన కోర్టుకి వెళ్తే, కింద వివరంగా ఫలకం పెట్టారు కాబట్టి ఉండొచ్చు అని 2022లో జర్మనీ పెద్ద కోర్టు తీర్పిచ్చింది. నేను చూశాను. ఫోటో తీయబుద్ధి కాలేదు.

సందేహాల_సుబ్బు
తర్వాత వస్తానన్నా కదా, వచ్చా. సరే, మతం మారింది. కానీ దీంతోనే మూఢనమ్మకం పోయి సైన్సు వచ్చిందంటారు చూడండి, అది నిజమా? మా అబ్బాయి పుస్తకంలో సంస్కరణ, పునరుజ్జీవనం, కోపర్నికస్ అన్నీ ఒకే పాఠం, ఒకే బాణం గుర్తు.

పాతకాగితం
ఆ బాణం గుర్తు గీసినవాణ్ణి పట్టుకోవాలి.

భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ పుస్తకం 1543లో న్యూరెంబర్గ్‌లో అచ్చయింది. ఆయన కథోలిక చర్చి ఉద్యోగి. పుస్తకం అంకితం ఎవరికి? పోపు మూడవ పౌలుకి. ముసలాయన అచ్చుకి ఇవ్వనని నానుస్తుంటే వెంటపడి ఒప్పించింది ఎవరు? రెటికస్ అనే కుర్రాడు, లూథర్ ఊరి యూనివర్సిటీలో లెక్కల పంతులు. అచ్చు పనులు చూసిన ఒసియాండర్ లూథరన్ బోధకుడు. ఆయన రచయితకి చెప్పకుండా, సంతకం లేకుండా "ఇది నిజమని కాదు, లెక్కల సౌలభ్యం కోసం అనుకున్నది మాత్రమే" అని ముందుమాట ఇరికించాడు. ఇందులో ఎవరు సైన్సు పక్షం, ఎవరు మతం పక్షం? విడదీసి చెప్పండి చూద్దాం. రోము ఆ పుస్తకాన్ని ఆపింది 1616లో, 73 ఏళ్ల తర్వాత.

మూఢనమ్మకం పోయిందంటారా? మంత్రగత్తెల వేట ఉధృతంగా సాగిందే ఆ తర్వాత వందేళ్లలో. నలభై, యాభై వేల మందిని చంపారని ఇప్పటి అంచనా, ఎక్కువమంది ఆడవాళ్లు. కథోలికులూ చేశారు, ప్రొటెస్టెంట్లూ చేశారు. గ్రహాల కక్ష్యలు కనిపెట్టిన కెప్లర్ వాళ్ల అమ్మ కతరీనా మీద 1615లో మంత్రగత్తె అని కేసు పెట్టారు. ఊళ్లో ఒకావిడ, ఈమె ఇచ్చిన పానీయం తాగి జబ్బు పడ్డానంది. డెబ్బై దాటిన ముసలామెని 14 నెలలు గొలుసులతో జైల్లో పెట్టారు. కెప్లర్ తన పనులన్నీ ఆపుకుని వచ్చి వాదన రాశాడు. చివరికి హింసించే పనిముట్లు ముందు పెట్టి ఒప్పుకోమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. 1621లో వదిలారు, ఆర్నెల్లకే పోయింది. గ్రహాల లెక్కలూ, ఈ కోర్టు కాగితాలూ ఒకే మనిషి బల్ల మీద ఉన్నాయి ఆ రోజుల్లో.

ఓరుగల్లు_వాణి
కెప్లర్ ముచ్చట నాకు తెలియదు. ఆమె ఒప్పుకోలేదు అన్న దగ్గర ఆగిపోయాను.

మిల్లు_మనవడు
నాదొక కేసు. మాకు రైసుమిల్లు ఉండేది కాబట్టి నాకు మిల్లువాళ్లంటే అభిమానం. ఇటలీలో ఫ్రియులి కొండల దగ్గర మోంటెరెయాలె అనే పల్లెలో పిండిమర నడిపే మెనోకియో అని ఒకాయన. చదవడం వచ్చు. చేతికందిన పుస్తకాలు, కొన్ని కొన్నవి, ఎక్కువ అడిగి తెచ్చుకున్నవి, చదివి తన సొంత సృష్టికథ అల్లుకున్నాడు. మొదట అంతా ముద్ద, పాలు తోడుకుని జున్ను గడ్డ అయినట్టు గడ్డకట్టింది, అందులో పురుగులు పుట్టాయి, ఆ పురుగులే దేవదూతలు అన్నాడు! దేవుడు కూడా అందులోంచే వచ్చాడట. దొరికినవాడికల్లా చెప్పేవాడు. మరి మర అంటే అదేగా, మూట దించి తన వంతు వచ్చేదాకా కూర్చునేవాళ్లకి కబుర్లే కాలక్షేపం. మా మిల్లులో అయితే రాజకీయాలు.

1584లో మత విచారణకి లాక్కెళ్లారు. నోరు మూసుకోమని ఇంటివాళ్లు, స్నేహితులు మొత్తుకున్నా వినలేదు, ఇంత పెద్దవాళ్లు నా మాట వింటున్నారని జడ్జీలకే పాఠం చెప్పాడు. జైల్లో పెట్టి వదిలారు. మళ్లీ అవే మాటలు. 1599లో చంపేశారు. లూథర్ చెప్పిందాంతో ఈయనకి సంబంధం లేదు, పోపు చెప్పిందాంతోనూ లేదు. చదవడం వచ్చాక జనం ఏం చదువుతారో చెప్పొచ్చు, చదివి ఏం అనుకుంటారో ఎవడు చెప్పగలడు?

గూగ్లీ_గుడివాడ
జున్ను, పురుగులు. ఇక మీదట జున్ను తింటే దేవదూతలే గుర్తొస్తారు. థాంక్సండీ.

తెనాలి_తింగరి
ఇదంతా మనకి వేమన ఎప్పుడో చెప్పాడు. కులం, విగ్రహం, ఉపవాసం, దొంగ సన్యాసులు, దేన్నీ వదల్లేదు. బ్రహ్మంగారు కందిమల్లాయపల్లెలో దూదేకుల సిద్ధయ్యని శిష్యుడిగా చేసుకున్నారు. మనవాళ్ల గురించి మాట్లాడకుండా విట్టెన్‌బర్గ్ ఎందుకు మనకి?

పాతకాగితం
తింగరి గారూ, థ్రెడ్ శీనుది, ఆయన వెళ్లింది విట్టెన్‌బర్గ్. కానీ మీ ప్రశ్న మంచిదే. వేమన మాట పదునులో లూథర్‌కి ఏం తీసిపోడు. ఇక్కడ లేనిది ఏంటంటే, ఆ మాటని వారంలో వంద ఊళ్లకి పంపే ప్రెస్సు, దాన్ని అడ్డం పెట్టుకుని రోముని ఎదిరించాలనుకునే ఫ్రెడరిక్ లాంటి రాజు. వేమన పద్యాలు నోటి మీద బతికాయి. సి.పి. బ్రౌన్ అచ్చు వేయించేసరికి 1829.

తెనాలి_తింగరి
నోటి మీద బతకడం తక్కువా? ఆల్బ్రెక్ట్ ఎవడో ఈ థ్రెడ్ చదివేదాకా నాకు తెలియదు. వేమన పద్యం మా బర్రెలు కాసే కుర్రాడు కూడా చెప్తాడు.

నల్లపాడు_నీలిమ
ఇది కూడా మా అమ్మమ్మ పాయింటే 🙂

ప్రెస్సు_మూర్తి
ప్రెస్సు మాట వచ్చింది కాబట్టి, శీనూ, నువ్వు లీప్‌జిగ్‌లో ఉంటూ అసలైన ఊరు వదిలేసి విట్టెన్‌బర్గ్ వెళ్లావు. నీకు అరగంట దూరంలో హాలే ఉంది. మొట్టమొదటి తెలుగు అచ్చు పుస్తకాలు పుట్టిందక్కడే! బెజవాడలో కాదు, మద్రాసులో కాదు.

కథ ఇదీ. లూథర్ తర్వాత వందేళ్లు దాటాక ఆయన సంఘమే బిగుసుకుపోయిందని, గుండెలో భక్తి కావాలని ఒక ఉద్యమం వచ్చింది. దానికి పెద్ద కేంద్రం హాలేలో ఫ్రాంకె అనే ఆయన పెట్టిన అనాథాశ్రమం, బడులు, ప్రెస్సు. అక్కడ చదివిన సీగెన్‌బాల్గ్‌ని డెన్మార్క్ రాజు తమిళ తీరంలోని తరంగంబాడి పంపాడు, 1706లో చేరాడు. ఆయన పిల్లల పక్కన కూర్చుని ఇసుకలో వేలితో తమిళం దిద్దుకున్నాడు. తమిళ అక్షరాల పోత హాలేలోనే పోసి పంపారు, 1715 నాటికి తమిళ కొత్త నిబంధన అచ్చయింది. తర్వాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసు చేరి తెలుగు నేర్చుకున్నాడు, బైబిలు తెలుగు చేశాడు కానీ అది అచ్చుకి నోచుకోలేదు. 1743లో తిరిగి హాలే వెళ్లిపోయి, తెలుగు అక్షరాలు పోతపోయించి, 1746, 47ల్లో చిన్న చిన్న పుస్తకాలు వేశాడు. ఒకదాని పేరు "మోక్షానికి కొంచుపొయ్యే దోవ". కొంచుపొయ్యే, దోవ! పండితుల భాష కాదు, మద్రాసు వీధిలో చెవిన పడ్డ తెలుగు.

ఓరుగల్లు_వాణి
తరంగంబాడిని డేన్లకి ఇచ్చింది ఎవరనుకున్నారు? తంజావూరు రఘునాథ నాయకుడు, 1620లో. తెలుగులో రామాయణం రాసుకున్న రాజే.

సీగెన్‌బాల్గ్ గురించి ఇంకోటి. మన దేవతల మీద, ఎవరెవరు, ఏ పూజలు, ఏ కథలు అని శ్రద్ధగా పెద్ద పుస్తకం రాసి 1713లో హాలేకి పంపాడు. అన్యమతాన్ని పెకలించమని పంపితే దాన్ని యూరప్‌లో ప్రచారం చేస్తావా అని ఫ్రాంకె పక్కన పడేశాడు. అచ్చయింది 1867లో. మారుద్దామని వెళ్లినవాడికి అక్కడివాళ్ల మీద ఆసక్తి పుట్టింది, ఇంట్లో ఉన్నవాళ్లకి అది నచ్చలేదు.

బజ్జీ_బ్యాచ్
ప్రెస్సులో కూడా తమిళానికి ముందు, మనకి ముప్పై ఏళ్ల తర్వాత. ఇక్కడ కూడానా 😭

లీప్‌జిగ్_శీను
బాబాయ్, మీరు చెప్పిన మర్నాడే లీవు పెట్టి హాలే వెళ్లాను. సోమవారం. మ్యూజియం సోమవారం సెలవు. తప్పు నాదే, చూసుకోకుండా పరిగెత్తాను. ఆ అనాథాశ్రమం ఆవరణలో మాత్రం గంటసేపు తిరిగాను. పొడుగ్గా, కట్టెల చట్రాలతో కట్టిన ఇళ్ల వరస. పైన వింత వస్తువుల గది ఉంది, కప్పు నుంచి మొసలి వేలాడుతుందట, తాటాకులు కూడా ఉన్నాయట. అన్నీ అట. బయట బెంచీ మీద కూర్చుని పులిహోర తిని వచ్చేశాను.

గూగ్లీ_గుడివాడ
ఒకసారి తలుపు ఉంది, మేకు లేదు. ఇంకోసారి మేకు సంగతి సరే, తలుపే తీయలేదు. నీ జాతకం చూపించుకో తమ్ముడూ.

ప్రెస్సు_మూర్తి
లైబ్రరీవాళ్లకి ముందుగా మెయిల్ పెట్టు శీనూ. ఆ తెలుగు పుస్తకం చూడనిస్తే నా కోసం ఒక్కటి చూడు. ఒత్తులు ఎలా పెట్టారో. అక్షరం కింద ఒత్తు విడిగా ఇంకో సీసం ముక్కగా పెట్టారా, లేక అక్షరంతో కలిపి ఒకే పోత పోశారా? విడిగా అయితే కింద గీత కొంచెం అటూ ఇటూ అయి, వరసకీ వరసకీ మధ్య ఎక్కువ ఖాళీ కనిపిస్తుంది. నేను మొదటి ఏడాదంతా ఆ ఒత్తుల దగ్గరే తిట్లు తిన్నాను. తెలుగు రాని జర్మన్ కంపోజిటర్ ఎలా నెగ్గుకొచ్చాడో చూడాలని ఉంది.

లీప్‌జిగ్_శీను
మెయిల్ పెట్టాను బాబాయ్. జవాబు రావాలి. ఫోటో తీయనిస్తే ఇక్కడే పెడతా, లేకపోతే చేత్తో గీసుకొస్తా.